జాబితా వచ్చింది, పాటలేవి?

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

నాలుగు నిమిషాల పాట ఒకటి కంప్యూటరులో ఎంపీ3 ఫైలుగా ఉందనుకోండి. ఎక్కువగా వాడుకలో ఉన్న ఒక రకం ఎంపీ3లో ధ్వని సెకనుకు 1,28,000 బిట్ల చొప్పున నమోదవుతుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే సెకనుకు 16,000 బైట్లు. నాలుగు నిమిషాలంటే 240 సెకన్లు. గుణించండి. 38,40,000 బైట్లు వచ్చిందా? అలాంటి పాటలు 200 ఉంటే 76 కోట్ల 80 లక్షల బైట్లు.

ఆ 200 పాటలనూ మీకు నచ్చిన వరుసలో పేర్చి ఒక ప్లేలిస్టు తయారు చేశారు. దాన్ని దాచిపెడితే అదీ ఒక ఫైలే అవుతుంది. ఆ ఫైలు ఎంత ఉందో చూడండి. ఇంచుమించు 12,000 బైట్లు! పాటలన్నిటి బరువులో 64,000వ వంతు. 64 కిలోల ధాన్యం పక్కన ఒక్క గ్రాము గింజలు పెట్టినట్టు.

అంత చిన్న ఫైలులో 200 పాటలు ఎలా పట్టాయి?

పట్టలేదు. అందులో ఒక్క పాట కూడా లేదు. ప్లేలిస్టు అంటే పాటల మూట కాదు, పాటలు ఎక్కడున్నాయో చెప్పే జాబితా. పెళ్ళి పిలుపుల పట్టీ జేబులో పెట్టుకున్నంత మాత్రాన చుట్టాలందరూ జేబులో ఉన్నట్టు కాదు కదా! ఇంత తేలిక విషయమూ చాలామందికి, పెద్దవాళ్ళకు కూడా, తట్టదు. తట్టకపోతే ఏమవుతుందో కాసేపట్లో చెబుతాను.

మన కడప సీమకు ఇలాంటి సంగతి కొత్త కాదు. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలను ఆయన వంశం వారు రాగిరేకుల మీద చెక్కించారు. ఆ రేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో శతాబ్దాల తరబడి ఉండిపోయి, ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ వెలుగు చూశాయి. రాగి కనుక చెదలు పట్టలేదు. వేల సంకీర్తనల సాహిత్యం మనకు దక్కింది. వాటి మీద రాగం పేరు కూడా ఉంది. కాని స్వరాలు లేవు! అన్నమయ్య ఆ పల్లవిని ఎలా ఎత్తుకున్నాడో, చరణంలో ఎక్కడ ఆగాడో రేకు చెప్పదు. అందుకే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటి విద్వాంసులు ఎన్నో సంకీర్తనలకు తామే వరుసలు కట్టవలసి వచ్చింది. పాటను గురించిన రాత వేరు, పాట వేరు. ప్లేలిస్టులో ఆ సాహిత్యమైనా ఉండదు. ఉత్త చిరునామాలు ఉంటాయి, అంతే.

ఆ చిరునామా ఎలా ఉంటుందో చూద్దాం. ప్లేలిస్టులలో బాగా వాడుకలో ఉన్నది ‘ఎం3యు’ అనే రకం. 1997లో వచ్చిన విన్‌యాంప్ వంటి ప్రోగ్రాములతో ఇది ఇంటింటికీ చేరింది. దీన్ని తెరవడానికి పాటలు వినిపించే ప్రోగ్రాము అక్కరలేదు, నోట్‌పాడ్ చాలు. తెరిస్తే ఇలాంటి పంక్తులు కనిపిస్తాయి (అసలు ఫైలులో కొంత భాగం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. మీకోసం తెలుగులో రాస్తున్నాను):

#ఎక్స్‌టిన్ఫ్:187,సువ్వి పాట
డి:\పాటలు\అవ్వ\సువ్వి.ఎంపీ3

మొదటి పంక్తిలో 187 అంటే పాట నిడివి, సెకన్లలో. దాని పక్కన పాట పేరు. ఈ 187ను కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది. రెండో పంక్తి చిరునామా. ‘డి’ అనే డిస్కు భాగంలోకి వెళ్ళు, అక్కడ ‘పాటలు’ అనే అర తెరువు, దానిలో ‘అవ్వ’ అనే చిన్న అర తెరువు, అందులో ‘సువ్వి’ అనే ఫైలు ఉంటుంది, దాన్ని వినిపించు అని అర్థం.

ఇది ఆ కంప్యూటరులోనే చెల్లే చిరునామా. ఆకాశవాణి కేంద్రంలో పాటల గ్రంథాలయం ఉంటుంది. ప్రతి రికార్డుకూ ఒక నంబరు వేసి బీరువాలో పెడతారు. కడప కేంద్రంలో ఒక పూట వేయవలసిన పాటల నంబర్లు ఒక చీటీ మీద రాసుకుని, ఆ చీటీతో విజయవాడ కేంద్రానికి వెళ్ళారనుకోండి. అక్కడ 412వ నంబరు అడిగితే ఏమిస్తారు? మీరు కోరిన ఘంటసాల పాట బదులు ఏ వీణ కచేరీయో చేతిలో పెడతారు. లేదా ఆ నంబరే లేదంటారు. చీటీ తప్పు కాదు, బీరువా మారింది.

ఇక ఆ పాటలు వెళ్ళవలసిన పెట్టె సంగతి. ఇంట్లో పాటలు వినడానికి హార్డ్ డిస్కు ఉన్న ప్లేయరు ఒకటి దొరుకుతుంది. చూడటానికి పుస్తకమంత పెట్టె. ఒక తీగ స్పీకర్లకు, ఒక తీగ కరెంటుకు. లోపల అద్దంలా మెరిసే పళ్ళెం నిమిషానికి 5,400 చుట్లు, అంటే సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది. పళ్ళెం మీద పలచని అయస్కాంత పూత. దాన్ని తాకకుండా, కొన్ని నానోమీటర్ల ఎత్తులో ఒక చిన్న ‘తల’ తేలుతూ ఉంటుంది. మీటరును నూరు కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక నానోమీటరు! పూతలోని చిన్న చిన్న ప్రదేశాలు ఏ దిక్కుకు అయస్కాంతీకరణ చెందాయో ఆ తల పసిగడుతుంది. ఆ దిక్కులే ఒకట్లు, సున్నాలు. అవే పాట. ఇంత సూక్ష్మంగా పసిగట్టడానికి దారి చూపిన ఒక అయస్కాంత ధర్మాన్ని 1988లో ఆల్బెర్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్ విడివిడిగా కనుక్కున్నారు. ఇద్దరికీ కలిపి 2007లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక్కడ ఒక తమాషా. హార్డ్ డిస్కుతో మొట్టమొదట అమ్మకానికి వచ్చిన కంప్యూటరు ఐబీఎం వారి ర్యామాక్. సంవత్సరం 1956. రెండడుగుల వెడల్పు పళ్ళేలు 50 ఒకదానిపై ఒకటి పేర్చి ఉండేవి. ఇంతా చేసి అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఆరు బిట్లు. బైట్లలోకి మార్చండి. 37,50,000. మనం మొదట లెక్క కట్టిన పాటకు కావలసింది 38,40,000 కదా! అంటే బీరువా కంటే పెద్దదైన ఆ యంత్రంలో మన ఒక్క పాట కూడా పూర్తిగా పట్టదు. చివరి ఐదారు సెకన్లు కోసుకుపోతుంది. 2001లో వచ్చిన ఐపాడ్ జేబులో పట్టేది. అందులోని డిస్కులో వెయ్యి పాటలు నిలిచేవి.

మన ప్లేలిస్టు దగ్గరికి వద్దాం. ఇలాంటి పెట్టెల్లో చాలావాటిని లోపల నడిపేది లినక్స్ రకం వ్యవస్థ. దానికి ‘సి’, ‘డి’ అనే డిస్కు అక్షరాలు తెలియవు. విండోస్ చిరునామాలో గీత ఒక వైపు వాలితే దీనిలో ఇంకో వైపు వాలుతుంది. ఇంగ్లీషులో ఫైలు పేరు పెద్ద అక్షరంతో మొదలైతే ఒకటి, చిన్న అక్షరంతో మొదలైతే వేరొకటి అనుకుంటుంది. (మన తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు లేకపోవడం ఎంత సుఖమో చూశారా?)

అయితే తెలుగుకూ ఒక చిక్కుంది. పాత పద్ధతిలో ఒక అక్షరానికి ఒక బైటే ఇచ్చేవారు. ఒక బైటులో ఇమిడే గుర్తులు 256. ఇంగ్లీషు, పడమటి ఐరోపా భాషలు సర్దుకునేసరికి ఆ ఇల్లు నిండిపోయింది. తెలుగుకు చాప వేసే చోటు కూడా మిగల్లేదు. అందుకే తెలుగు పేరు పెట్టిన ఫైలును పాత రకం ప్లేలిస్టులో చేర్చితే పేరు బదులు వరసగా ప్రశ్నార్థకాలు వచ్చేవి. ప్రశ్నార్థకాల పేరుతో ఏ ఫైలూ ఉండదు కనుక పాట పలకదు. 1991లో మొదలైన యూనికోడ్ ప్రపంచ భాషల అక్షరాలకు వేర్వేరు నంబర్లు ఇచ్చింది. ఆ నంబర్లను బైట్లుగా రాసే యూటీఎఫ్–8 అనే పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. ‘అవ్వ’ అన్న మాట మనకు రెండక్షరాలు. కంప్యూటరుకు మాత్రం అ, వ, పొల్లు, వ కలిపి నాలుగు గుర్తులు, 12 బైట్లు. యూటీఎఫ్–8లో రాసిన ప్లేలిస్టు పేరు చివర ‘ఎం3యు’ బదులు ‘ఎం3యు8’ అని ఉంటుంది. తెలుగు పాటలకు వాడవలసింది ఇదే.

ఇప్పుడు, తట్టకపోతే ఏమవుతుందో చెబుతానన్నానే, అది.

మా వేముల మండలంలో ఒక ఇంటర్ విద్యార్థి ఉన్నాడు. వాళ్ళ అవ్వకు నోరు తెరిస్తే పాట. నలుగు పాటలు, సువ్వి పాటలు, పసుపు దంచేటప్పటి పాటలు, పెళ్ళికూతుర్ని సాగనంపే పాటలు. ఏ పుస్తకంలోనూ ఉన్నవి కావు. ఈ అబ్బాయి ఒక వేసవిలో అవ్వను కూర్చోబెట్టి 23 పాటలు ఫోనులో పట్టాడు. ఫోనులో చోటు చాలక వాటిని ఇంట్లోని పాత కంప్యూటరులోకి చేర్చి, ‘అవ్వ పాటలు’ అని ప్లేలిస్టు కట్టాడు. ఫోనులో ఉన్నవి చెరిపేశాడు. మరుసటి ఏడు అవ్వ పోయింది.

బెంగుళూరులో ఉన్న వాళ్ళన్న హార్డ్ డిస్కు ప్లేయరు కొన్నాడు. “రేయ్, అవ్వ పాటలు పంపరా, పెట్టెలో వేసుకుంటాను” అని ఫోను చేశాడు. తమ్ముడు ప్లేలిస్టు ఫైలును పెన్‌డ్రైవులో వేశాడు. ఊరికే పంపలేదు పాపం, సరిగ్గా ఉందా లేదా అని తన కంప్యూటరులోనే పెన్‌డ్రైవు పెట్టి, ఆ ఫైలు మీద నొక్కి చూశాడు. పాటలన్నీ చక్కగా వినిపించాయి. ఎందుకు వినిపించాయో మీరు చెప్పగలరా? జాబితా పెన్‌డ్రైవులో ఉంది. కాని అది చూపిన చిరునామాలు అదే కంప్యూటరులోని ‘డి’ భాగానివి. పాటలు అక్కడే ఉన్నాయి! పరీక్ష చేసిన చోటే పరీక్షను చెడగొట్టింది.

పాటలు భద్రంగా పెన్‌డ్రైవులోకి వచ్చేశాయన్న ధైర్యంతో, నత్తలా నడుస్తున్న ఆ కంప్యూటరును టౌనులో ఒక దుకాణంలో ఇచ్చారు. వాళ్ళు డిస్కు మొత్తం ఫార్మాట్ చేసి, విండోస్ కొత్తగా ఎక్కించి ఇచ్చారు. పెన్‌డ్రైవు బెంగుళూరు చేరింది. పెట్టె తెర మీద 23 పేర్లూ వరుసగా వచ్చాయి. ఒక్కటీ పలకలేదు.

కథ ఇక్కడితో అయిపోలేదు. అయిపోకపోవడానికి కారణం, డిస్కు కూడా లోపల ఒక జాబితాను నమ్ముకునే బతుకుతుంది. ఏ ఫైలు పళ్ళెంలో ఏ ఏ తావుల్లో ఉందో చెప్పే పట్టిక డిస్కు మీదే ఒకచోట రాసి ఉంటుంది. త్వరగా చేసే ఫార్మాట్‌లో జరిగేదేమిటంటే ఆ పట్టికను కొట్టేసి కొత్త పట్టిక మొదలుపెట్టడం. పాటల ఒకట్లు, సున్నాలు పళ్ళెం మీద ఎక్కడివక్కడే ఉంటాయి. వాటి పైన వేరే ఫైలేదైనా వచ్చి కూర్చునేదాకా పోవు. చూడండి ఎంత విచిత్రమో! బెంగుళూరులో జాబితా ఉంది, పాటలు లేవు. వేములలో పాటలు ఉన్నాయి, జాబితా లేదు.

అన్నదమ్ములు చేసిన మంచి పని, వెంటనే కంప్యూటరు ఆపేయడం. వాడుతూ ఉంటే కొత్త రాతలు పాత పాటల మీద పడతాయి. డిస్కును ఊడదీసి, తెలిసినవారి దగ్గర వేరే కంప్యూటరుకు తగిలించి, పోయిన ఫైళ్ళను వెదికే ప్రోగ్రాముతో వెదికించారు. ఎంపీ3 ఫైలులో ధ్వని చిన్న చిన్న తునకలుగా ఉంటుంది. ప్రతి తునక మొదట్లోనూ ఒకే రకమైన గుర్తు ఉంటుంది. ప్రోగ్రాము పళ్ళెం ఈ చివరనుంచి ఆ చివరకు ఆ గుర్తుల కోసం గాలిస్తుంది. 23 పాటల్లో 14 దొరికాయి. తక్కిన తొమ్మిదింటి మీద అప్పటికే కొత్త విండోస్ కూర్చుంది.

దొరికిన వాటికి పేర్లు లేవు. పేర్లు చెరిపేసిన పట్టికతోనే పోయాయి. ఫైలు 1, ఫైలు 2 అని ఉన్నాయి, అంతే. సగం పాటలు కూనిరాగంతో మొదలవుతాయి. ఏది ఏ పాటో, ఏ సందర్భంలో పాడేదో పిల్లలకు తెలియదు. అప్పుడు అక్కరకు వచ్చింది ఆ పనికిరాని జాబితా! గుర్తుందా, 187? దొరికిన ఫైళ్ళ నిడివిని సెకన్లలో చూశారు. 187 సెకన్లున్నది సువ్వి పాట. 142 ఉన్నది నలుగు పాట. ఇలా 12 పాటలకు పేర్లు కుదిరాయి. మిగిలిన రెండూ సరిగ్గా ఒకే నిడివి. వాటి సంగతి వాళ్ళ మేనత్త విని తేల్చింది.

అదంతా జరగకుండా పంపే పద్ధతి ఉందా? ఉంది. చాలా తేలిక.

చిరునామాను రెండు రకాలుగా చెప్పవచ్చు. ‘ఫలానా జిల్లా, ఫలానా మండలం, ఫలానా ఊరు, ఇంటి నంబరు ఇంత’ అన్నది ఒకటి. ‘మా ఇంటి నుంచి ఎడమచేతి వైపు మూడో ఇల్లు’ అన్నది ఇంకొకటి. గండికోట జలాశయం ముంపులో కొన్ని ఊళ్ళు కొత్త తావులకు తరలిపోయిన సంగతి మీలో కొందరికి తెలుసు. అలా ఒక ఊరు ఊరంతా ఇళ్ళ వరుస మారకుండా కొత్తచోట కట్టుకుందనుకోండి. మొదటి రకం చిరునామా రాసిన ఉత్తరం నీళ్ళపాలే. రెండోది మాత్రం కొత్త ఊళ్ళోనూ చెల్లుతుంది. ప్లేలిస్టులోనూ అంతే. ‘డి:\పాటలు\అవ్వ\సువ్వి.ఎంపీ3’ అని కాకుండా ఉత్త ‘సువ్వి.ఎంపీ3’ అని రాస్తే, ‘నేనున్న అరలోనే నా పక్కన ఉంది చూడు’ అని అర్థం. దీన్ని సాపేక్ష చిరునామా అందాం. పాటలనూ జాబితానూ ఒకే అరలో పెట్టి, ఆ అర మొత్తాన్ని పెట్టెలోకి చేర్చాలి. ఇక విండోసైనా లినక్సైనా, ‘డి’ ఉన్నా లేకపోయినా ఇబ్బంది లేదు. గీత ఎటు వాలాలన్న తగవు కూడా ఉండదు, అసలు గీతే లేదు కనుక.

ఇంకో దారి, పాటలను కదపకుండా ఇంట్లోని వైఫై మీదుగా వినడం. పెట్టె “నీ దగ్గర ఏమేం పాటలున్నాయి?” అని కంప్యూటరును అడుగుతుంది. కంప్యూటరు జాబితా చెబుతుంది. కోరిన పాటను కొంచెం కొంచెంగా పంపుతుంది. వేర్వేరు కంపెనీల వస్తువులు ఇలా మాట్లాడుకోవడానికి డీఎల్‌ఎన్‌ఏ అనే ఒప్పందం 2003 నుంచి తయారైంది. సౌకర్యమే. అయితే కంప్యూటరు నిద్రపోతే పెట్టె మూగబోతుంది. పాటకు రెండు యంత్రాలూ మేలుకుని ఉండాలి. ఫోనులో ఇంటర్నెట్ ద్వారా వినే పాటల ప్లేలిస్టులూ ఈ జాతివే. ఆ పాటలు ఎక్కడో ఉంటాయి. మీ దగ్గర ఉండేది జాబితా. ఆ కంపెనీ ఒక పాటను తీసేస్తే మీ జాబితాలో దాని పేరు వెలిసిపోతుంది, లేదా మాయమవుతుంది.

పేరును పాట లోపలే రాసిపెడితే? ఆ ఆలోచన 1996లోనే వచ్చింది. ఎంపీ3 ఫైలు చివర 128 బైట్ల చీటీ అతికించి, అందులో పాట పేరుకు 30 బైట్లు, పాడినవారి పేరుకు 30 బైట్లు కేటాయించారు. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. మన ‘అన్నమాచార్య’ను గుర్తులుగా లెక్కపెట్టండి. 11 వస్తాయి. మూడేసి బైట్ల చొప్పున 33. పట్టదు! తరువాత వచ్చిన చీటీలలో ఈ ఇరుకు పోయింది, తెలుగూ చక్కగా రాసుకోవచ్చు. అవ్వ పాటలకు అలాంటి చీటీలు ఉండి ఉంటే ఆ సెకన్ల లెక్క కూడా అవసరమయ్యేది కాదు.

మీ బడిలో కంప్యూటరు ఉంటే ఇదంతా పరీక్షించి చూడవచ్చు. ఒక అర తయారు చేసి రెండు మూడు ఎంపీ3 పాటలు అందులో వేయండి. ‘పాట1’, ‘పాట2’ అని పేర్లు పెట్టండి. నోట్‌పాడ్ తెరిచి, ఒక్కో పంక్తిలో ఒక్కో ఫైలు పేరు, చివరి చుక్క, ఎంపీ3తో సహా ఉన్నదున్నట్టు రాయండి. దాచేటప్పుడు పేరు చివర చుక్క పెట్టి ఎం3యు8 అని ఇంగ్లీషులో చేర్చండి. కింద యూటీఎఫ్–8 ఎంచుకోవడం మరవకండి. ఫైలును అదే అరలో దాచి వీఎల్‌సీ వంటి ప్రోగ్రాముతో తెరవండి, పాటలు వరుసగా వస్తాయి. ఇప్పుడు జాబితా ఒక్కదాన్నే బయటికి లాగి తెరవండి. ఏమైంది? దాన్ని మళ్ళీ లోపల పెట్టి, అరను మొత్తంగా పెన్‌డ్రైవులోకి చేర్చండి. పెన్‌డ్రైవును వేరే కంప్యూటరుకు తగిలించి అక్కడ తెరవండి. మీ కంప్యూటరులోనే తెరిచి చూడకండి. ఎందుకో మీకిప్పుడు తెలుసు.